జెల్ల కొట్టింది

రాజాం,
సెప్టెంబరు 14, 2025,
ఆదివారం, గుడి నుంచి వచ్చాక.

ప్రియమైన అత్తకు,

నీ మేనకోడలూ, నీ కోడలూ రెండూ అయిన కృపారాణి ప్రభువు పేరున వందనాలు చెప్పి రాస్తున్నది. నువ్వూ, రూబీ వదినా, అన్నయ్యా అక్కడ కులాసాగా ఉన్నారని తలుస్తాను. ఇక్కడ మేమందరం క్షేమం అని రాయాలి. రాయబోయి పెన్ను ఆపేశాను. నేను అబద్ధం రాస్తే నువ్వు అక్షరం వంకర చూసి పట్టేస్తావు. అందరికీ ఒంట్లో బాగానే ఉంది. నాకు మాత్రం భయంగా ఉంది అత్తా. అది చెప్పుకోవడానికే ఈ ఉత్తరం.

ఫోన్లో చెబుదామంటే నీకు వినపడదు. నేను అరిస్తే నీకు తప్ప మా వీధి వీధంతటికీ వినపడుతుంది. మొన్న చెయ్యి ఎలా ఉందత్తా అని గొంతు చించుకుంటే, సేపలా, ఎండబెట్టీసినారు అన్నావు. అందుకే కాగితం. రూబీ వదినా, మీ అమ్మకి చదివి వినిపించేది నువ్వే కదా, నెమ్మదిగా చదువు. మధ్యలో నవ్వకు. నన్ను తిట్టాలనిపిస్తే ఆఖర్న తిట్టు.

వదిన ఆ చేపల తొట్టిని కళ్ళతో చూడలేదు కాబట్టి మొదట్నుంచీ రాస్తాను. నీకు తెలిసిందే అయినా విను.

మీ థామసుకి, అదే మా బావకి, చేపల పిచ్చి ఇవాళ్టిది కాదు. కళింగపట్నంలో నువ్వు బడికి పంపితే వంశధారలో దిగి పరిగెలు పట్టుకొచ్చేవాడని నువ్వే చెప్పావు. ఇప్పుడు మిల్లులో పొద్దంతా కాటా దగ్గర కూర్చుని వడ్ల బస్తాలు తూస్తాడు, బుర్ర మాత్రం ఏట్లోనే ఉంటుంది. అందరూ ఎక్కడెక్కడి ఎర్ర చేపలో కొనుక్కొచ్చి గాజు బుడ్లలో పెట్టుకుంటారు, మన ఏటి సేపలు ఏటి పాపం సేసినాయి అని పెళ్ళయినప్పట్నుంచీ నన్ను అడుగుతూనే ఉన్నాడు. నేనేమో ఏటి పాపం చేశాయో చెప్పలేక, పులుసు పెట్టి ఊరుకునేదాన్ని.

ఈ వేసవిలో పిచ్చి ముదిరి రోకలి తలకి చుట్టమన్నట్టయింది. విజయనగరంలో గాజు కోయించి, ఆరడుగుల తొట్టి తెచ్చాడు. నా మోకాలెత్తు ఇనుప స్టాండు. గుమ్మంలోంచి పట్టక తలుపు రెక్క ఊడదీశారు. ఆ తర్వాత నాగావళి ఇసుక వచ్చింది. దాన్ని కడగడం, వార్చడం, మళ్ళీ కడగడం. పెరడంతా బురదచెరువు. రాళ్ళు పేర్చాడు, నీటిగడ్డి నాటాడు, నీళ్ళు నింపాడు. నింపి, చేపలు వెయ్యకుండా ఊరికే చూస్తూ కూర్చున్నాడు. ఖాళీ నీళ్ళకి కాపలా ఏటి బావా అంటే, నీళ్ళు పండాలే అన్నాడు. మామిడిపళ్ళు పండడం విన్నాను గానీ నీళ్ళు పండడం ఎక్కడా వినలేదు. అన్నట్టే అవి మొదట బియ్యం కడిగిన నీళ్ళలా తెల్లబడి, తర్వాత తేటపడ్డాయి. అప్పుడు పరిగెలు వేశాడు. వాటి వెనక గొరకలు, బొమ్మిడాయిలు. అన్నిటికన్నా ఆఖర్న, రెక్క ముల్లుతో కొట్టే మీసాల జెల్లలు నాలుగు.

నీళ్ళు చెడిపోకుండా ఒక చిన్న మోటారు ఉంటుంది వదినా. అది నీళ్ళలోనే మునిగి, గుర్రుమంటూ మురికి లాగుతుంది, గాలి బుడగలు వదులుతుంది. దాని ప్లగ్గుకి మూడు కాళ్ళు. మన అద్దింటి గోడకేమో రెండే కన్నాలు. బావ పటకారు తెచ్చి పై కాలు విరిచేశాడు. మనిసే రెండు కాళ్ళతో నడుస్తన్నాడు, ప్లగ్గు నడవదేటి అన్నాడు. నేనూ నవ్వాను. నువ్వు మాత్రం అత్తా, ఇంట్లో రబ్బరు సెప్పులేసుకుని తిరిగేవోడికి కాళ్ళ సంగతేటి తెలస్తాదిరా అని దెప్పావు. పాపం, షుగరు ఉందని డాక్టరు ఇంట్లో కూడా చెప్పులు తియ్యొద్దన్నాడు. గుడిలో తప్ప ఎక్కడా విప్పడు.

నిజం చెప్పాలంటే మొదట్లో నాకూ ముచ్చటేసింది. పొద్దున్న ఎండ ఆ గాజులోంచి పడితే పరిగెల పొట్టలు మిలమిలా మెరిసేవి. మన షారోను అన్నం తినమంటే పరుగెత్తే పిల్ల, ముక్కు గాజుకి ఆనించి నిలబడి గిన్నెడు తినేసేది.

ఆ తర్వాత నీ సంగతి జరిగింది.

వదినకి మేము ఫోన్లో చెప్పింది ఒక్క ముక్కే, అమ్మకి జెల్ల కొట్టి పడిపోయిందని. ఎలా పడిందో ఇప్పుడు రాస్తున్నాను. ఆవేళ నేను హాలు తడిగుడ్డ పెట్టి తుడిచి, ఇంకా ఆరకముందే కుట్టుమిషను మీద కూర్చున్నాను. కుళ్ళిన ఆకొకటి తేలుతోందని అత్త తొట్టిలో చెయ్యి పెట్టింది. కొట్టిందిరో నాయనో అని ఒక్క కేక. నేను తల తిప్పేసరికి గోడ దగ్గర పడి ఉంది, మణికట్టు వంకర తిరిగిపోయింది. బావ పెరట్లోంచి పరుగెత్తుకొచ్చి, జెల్ల కొట్టింది, ఇంకేటీ కాదు, సున్నం తేవే అన్నాడు. సున్నం ఎక్కడ రాయాలో తెలిసింది కాదు. నేను ఆ చెయ్యి కడిగాను అత్తా. వేళ్ళన్నీ వెతికాను. ఒక్క రక్తపు చుక్క లేదు, ఒక్క ముల్లు గాటు లేదు.

ఎముకకి కట్టు కట్టించుకుని వచ్చాక బావ చేసిన పనికి మాత్రం నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతోంది. చూడ్డానికి వచ్చిన వాళ్ళందరితో, మా అమ్మకి జెల్ల జెల్ల కొట్టింది అని చెప్పి నవ్వడం. వీధిలో అదే, గుడి దగ్గర అదే. ఏటమ్మా ఏసమ్మా, సేప సేతిలో మోసపోయినావటగా అని పక్కింటి లక్ష్మణమ్మ కూడా నీ మొహం మీదే అడిగింది. నువ్వు సంచి సర్దుకుని, బస్సు ఎక్కుతూ బావతో అన్న మాట నేను మర్చిపోలేదు. నాకు జెల్లలు కొత్తేటిరా? జెల్ల కొడితే పొడిసినట్టుంటాది. ఇది లాగీసినాది. ఆ తొట్టి ఉన్నన్నాళ్ళూ నాను ఆ గడప తొక్కను. బావ అది కోపంలో మాట అన్నాడు. నేనూ సగం అలాగే అనుకున్నాను.

బస్సు వెళ్ళిపోయాక ఆ మాట నా చెవిలో మిగిలిపోయింది. లాగీసినాది. అన్నం వారుస్తుంటే అదే, మిషను మీద కుడుతుంటే అదే. ముల్లు గాటు లేదు, రక్తం లేదు, లాగీసినాది. చేప లాగడం ఏమిటి?

అప్పట్నుంచీ నాకు ఆ హాల్లో ప్రాణం గుప్పిట్లో పెట్టుకుని బతకడమే అయింది. షారోనుకి మూడేళ్ళు నిండి చేతులు పొడుగయ్యాయి, బుద్ధి పొడుగవలేదు. చిన్న పీట ఒకటి ఉంది కదా, నువ్వు కూర్చుని కూరగాయలు తరిగేది, దాన్ని ఈడ్చుకెళ్ళి తొట్టి కింద వేసుకుంటుంది. పీట అటక మీద పెట్టాను. బకెట్టు బోర్లించింది. బకెట్టు స్నానాల గదిలో పెట్టి గడియ వేశాను. నా మిషను కింద బట్టల మూట లాక్కుపోయింది. నేను ఒక కన్ను సూది మీద, ఒక కన్ను పిల్ల మీద పెట్టి కుట్టి కుట్టి, ఝాన్సీ టీచరు గారి జాకెట్టుకి ఒక చెయ్యి తిరగేసి కుట్టాను. ఆవిడ తిట్టకుండా, ఒంట్లో బాగాలేదా అమ్మా అని అడిగింది. అప్పుడు ఏడుపొచ్చేసింది నాకు.

ఒకరోజు ధైర్యం చేసి బావని అడిగాను. బావా, అత్తని కొట్టింది కరెంటేమో అని. నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుని టీ తాగుతున్నాడు. కరెంటుంటే సేపలు బతుకుతాయేటే, ఇన్ని పరిగెలు సక్కగా ఆడతన్నాయి, సూడు అన్నాడు. చూశాను. ఆడుతూనే ఉన్నాయి. అంతటితో ఆగాడా, లేచి వచ్చి మోచేతి దాకా నీళ్ళలో ముంచి, ఇదిగో, ఏటైంది నాకు అన్నాడు. ఏమీ కాలేదు. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు అనే రకం మనిషి, ప్లగ్గుకి మాత్రం రెండు చాలన్నాడు అని నేను దెప్పితే, అదీ నవ్వుకున్నాడు.

అయినా నా మనసు ఊరుకోక, బావ మిల్లుకి వెళ్ళగానే మోటారు స్విచ్చి కట్టేసేదాన్ని. సాయంత్రం వచ్చే వేళకి మళ్ళీ వేసేదాన్ని. రెండు పరిగెలు వెల్లకిలా తేలాయి. గాలాడక చచ్చిపోయాయని బావకి తెలిసిపోయింది. వాటిని అరచేతిలో పెట్టుకుని పెరట్లోకి వెళ్ళి జామచెట్టు మొదట్లో పాతిపెట్టాడు. తిట్టినా బాగుండేది. మళ్ళీ స్విచ్చి జోలికి పోలేదు నేను.

మొన్న శుక్రవారం ఏం జరిగిందో చెబితే నువ్వు అక్కడ కూర్చున్న చోటే అదిరిపడతావు. మధ్యాహ్నం ఉన్నట్టుండి గాలీ వానా. కరెంటు పోయి మిషను ఆగిపోయింది. నేను డాబా మీద బట్టలు తీసుకురావడానికి పరుగెత్తాను. దిగి వచ్చేసరికి, షారోను బట్టల మూట మీద నిలబడి, చెయ్యి భుజం దాకా తొట్టిలో పెట్టి ఉంది. తెచ్చిన బట్టలు ఆ మెట్ల మీదే వదిలేశాను. అదేమో కిలకిలా నవ్వుతోంది. పరిగెలు వచ్చి దాని వేళ్ళు కొరుకుతున్నాయి, అమ్మా, ముద్దు పెత్తాయే అంటోంది. నేను వెళ్ళి లాక్కుని, ఒళ్ళంతా తడిమి, ఒక్కటి చరిచి, మళ్ళీ ముద్దు పెట్టుకుని, అక్కడే కూలబడ్డాను.

సాయంత్రం బావ అన్నాడు, సూసినావా, పాప సెయ్యి పెడితే ఏటైనా అయినాదా అని. ఆ మాటకి నేను ఓడిపోయాను. నిజమే కదా, నీళ్ళలో ఏమీ లేదు. అయితే అత్తని కొట్టింది జెల్లే. గాటు కంటికి కనపడకపోయి ఉండొచ్చు. అలా అనుకోగానే భయం పోవాలి కదా, పోలేదు. తిరగబడి ఇంకో వైపు పట్టుకుంది. పెద్దదానివి నిన్నే అంత దూరం పడేసిన జెల్ల, పసిపిల్లని కొడితే ఏం మిగులుతుంది? పైగా దానికిప్పుడు ఆ నీళ్ళంటే భయం పోయింది. పొద్దున్న లేస్తే సేప ముద్దు కావాలంటుంది. దాని భయం కూడా కలిపి నేనే పడుతున్నాను.

నేను ఖచ్చితంగా చెప్పేశాను. ఈ ఇంట్లో జెల్లలైనా ఉండాలి, నేనైనా ఉండాలి అని. నిన్న శనివారం బావ వలతో నాలుగింటినీ పట్టి, మూత ఉన్న బకెట్టులో పెట్టుకుని, బండి మీద నాగావళికి తీసుకెళ్ళి వదిలేసి వచ్చాడు. వచ్చాక అన్నం సరిగ్గా తినలేదు. పెద్ద జెల్ల వెంటనే పోలేదే, కాసేపు నా కాళ్ళ దగ్గరే తిరిగినాది అన్నాడు. నాకు జాలి వేసింది. అయినా మనసు రాయి చేసుకున్నాను.

కాబట్టి అత్తా, జెల్లలు పోయాయి. తొట్టిలో ఇప్పుడు నోరూ వాయీ లేని పరిగెలూ, గొరకలూ, ఆ రాళ్ళ సందుల్లోంచి బయటికే రాని బొమ్మిడాయిలూ తప్ప ఏమీ లేవు. నీ పంతం నెగ్గింది. ఇక వచ్చెయ్. కోత పండగకి గుడిలో నీ పాట లేకపోతే బాగుండదని పాస్టరు అయ్యగారు కూడా అడిగారు. నువ్వు లేక ఇల్లు ఇల్లులా లేదు. షారోను నీ మంచం మీద బొమ్మని పడుకోబెట్టి, మామ్మకి సెయ్యి నొప్పి అని ఊదుతుంది.

ఇంత రాశాక గుండె తేలికపడాలి. ఏమిటో, ఇంకా బరువుగానే ఉంది. అనుమానం పెనుభూతం అంటారు, అదే పట్టినట్టుంది నన్ను. నువ్వు వచ్చి నాలుగు తిట్టు, అదే వదులుతుంది.

వదినకి, అన్నయ్యకి నా వందనాలు. కట్టు విప్పాక చెయ్యి తిప్పుతున్నావో లేదో రాయించు. నూనె రాసుకో, బద్ధకించకు.

నీ కోసం ప్రార్థన చేసుకుంటూ,
నీ మేనకోడలు
కృపారాణి

తా.క. : సోమవారం సాయంత్రం రాస్తున్నాను. అక్షరాలు వంకరగా ఉంటే ఏమీ అనుకోకు వదినా.

ఈ ఉత్తరం పొద్దున్న పోస్టులో వెయ్యాలని కవరులో పెట్టాను. షారోనుకి స్నానం చేయించి తువ్వాలు కోసం వెనక్కి తిరిగానో లేదో, తడి ఒంటితో హాల్లోకి పరుగెత్తింది. నేను వెళ్ళేసరికి బట్టల మూట ఎక్కి, సేపా, ముద్దు అంటూ చెయ్యి చాపుతోంది. మోటారు గుర్రుమంటోంది. నా కాళ్ళూ తడిగానే ఉన్నాయి. ఎడమచేత్తో పిల్ల నడుం పట్టి వెనక్కి విసిరేశాను. విసిరిన ఊపుకి తూలి, కుడిచెయ్యి నీళ్ళలో పడింది.

కొట్టింది అత్తా.

పొడవలేదు. లాగింది. వేళ్ళ దగ్గర్నుంచి భుజం, దవడ, పళ్ళు, అన్నీ ఒకేసారి లాగి పడేసింది. పాపకి ఏమీ కాలేదు. ముందు అది విను. దాని వేళ్ళు ఇంకా నీటికి తగలలేదు. బట్టల మీద పడి, నేను తోసేశానని ఏడ్చింది, అంతే.

బావ లోపల్నుంచి పరుగెత్తుకొచ్చి, ఏటైంది, జెల్ల కొ... అని, సగంలో ఆగిపోయాడు. తొట్టిలో జెల్ల లేదు. ఆయన చేత్తో ఆయనే నాగావళిలో వదిలి వచ్చాడు. తర్వాత టెస్టరు తెచ్చి నీళ్ళలో పెట్టాడు. ఎర్ర దీపం వెలిగింది. దాన్ని చూస్తూ చూస్తూ ఒక చెప్పు విప్పాడు. అమ్మకి ఎలా తగిలినాదో సూస్తాను అంటూ రెండోది విప్పబోతుంటే నేను పెద్దగా అరిచి, పాక్కుంటూ వెళ్ళి, స్విచ్చి కట్టేసి ప్లగ్గు పీకేశాను. ఆ రెండు కాళ్ళ ప్లగ్గు.

కరెంటు పని చేసే ఈశ్వర్ వచ్చి చూశాడు. మోటారు ఒంటి మీద వెంట్రుకంత పగులు ఉందట. చేపలు నేల మీద నిలబడవు కాబట్టి వాటికి తగలదట. బావని ఇన్నాళ్ళూ కాసింది ఆ రబ్బరు చెప్పులు. శుక్రవారం పాపని కాసింది కరెంటు పోవడం. నేనేమో జెల్లల మంచితనం అనుకున్నాను. బావ విరిచేసిన ఆ మూడో కాలు దేనికో కూడా ఈశ్వర్ చెప్పాడు, ఇలా కారిన కరెంటుని మనిషికి తగలకుండా భూమిలోకి పంపడానికట. చెబుతుంటే బావ తల ఎత్తలేదు.

ఇప్పుడు మోటారు లేదు. చేపలకి గాలాడాలని బావ తొట్టి పక్కన నిలబడి, చెంబుతో నీళ్ళు ముంచి పైనుంచి పోస్తూ ఉన్నాడు. మధ్యాహ్నం నుంచీ అదే పని. మిల్లుకి వెళ్ళలేదు. రేపు అన్నిటినీ ఏట్లో వదిలేసి, శనివారం పొద్దున్న బస్సుకి నీ దగ్గరికి వస్తానన్నాడు. ఈలోగా అత్తకేమైనా రాయమంటావా బావా అని అడిగితే, చెంబుతో నీళ్ళు పోస్తూనే చెప్పాడు. చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను. వదినా, ఇది అత్త చెవి దగ్గర గట్టిగా చదువు.

అమ్మా, కొట్టింది అని నువ్వు సెప్పినావు. ఏటి కొట్టిందమ్మా అని నాను అడగలేదు.